గతంలోకి వెళ్లిన ఎపిసోడ్ మీద అంత కోపం ఎందుకు?

మీ ప్రశ్న ఇది. విమానం కూలి ఒక వింత దీవిలో చిక్కుకున్నవాళ్ల కథ చెప్పే ‘లాస్ట్’ సిరీస్‌ను ఇప్పుడు రోజుకు రెండు మూడు ఎపిసోడ్ల చొప్పున చూస్తూ ఆరో సీజన్‌లో ‘అక్రాస్ ది సీ’ దాకా వచ్చారు. పూర్తిగా గతంలో నడిచే ఆ ఎపిసోడ్ మీకు బాగానే ఉందనిపించింది. తీరా చూస్తే, 2010లో అది ప్రసారమైనప్పుడు చాలామంది ప్రేక్షకులు దుమ్మెత్తిపోశారని తెలిసింది. వాళ్లు పొరబడ్డారా, లేక మీరే ఏదైనా గమనించలేదా అని అడిగారు.

సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ల మీద వారం వారం సమీక్షలు రాయడం చాలాకాలంగా నా పని. అందుకని కాస్త విస్తారంగానే చెబుతాను. మీకు ఇంకా మిగిలి ఉన్న ఎపిసోడ్ల జోలికి వెళ్లను. కానీ ‘లాస్ట్’లో మీరు చూసేసిన సంగతులతో పాటు వేరే సిరీస్‌ల గుట్లు కూడా అక్కడక్కడా బయటపడతాయి. ముందే హెచ్చరిస్తున్నాను.

ఎవరూ పొరబడలేదు. ఫ్లాష్‌బ్యాక్ ఎపిసోడ్‌కు వచ్చే స్పందనలో సగం ఆ ఎపిసోడ్ గురించి కాదు. అంతకుముందు వారం కథ ఎక్కడ ఆగింది, ప్రేక్షకుడికి ఏం బాకీ పడింది, ఆ బాకీ అడగడానికి వచ్చిన రోజున అతని చేతిలో ఏం పెట్టింది అన్నదే ఆ సగం. మీరు బాకీ పడ్డ రాత్రే వసూలు చేసుకున్నారు. వాళ్లు వారం రోజులు ఎదురుచూశారు.

ఆ వారాన్నే తీసుకోండి. 2010 మే 4న ‘ది క్యాండిడేట్’ వచ్చింది. జలాంతర్గామిలో బాంబు, దాన్ని ఎత్తుకుని దూరంగా పరుగెత్తి ప్రాణాలొదిలిన సయీద్, ఇనుప సామగ్రి కింద ఇరుక్కున్న సన్, ఆమెను వదిలి వెళ్లడానికి ససేమిరా అన్న జిన్. ఆరేళ్లుగా చూస్తున్న ముగ్గురు మనుషులు ఒక్క ఎపిసోడ్‌లో పోయారు. మిగిలినవాళ్లు ఒడ్డున కూర్చుని ఏడుస్తుండగా తెర పడింది. ప్రేక్షకుడు ఆ ఏడుపు దగ్గరే ఆగిపోయాడు. మే 11న టీవీ ముందు కూర్చుంటే, లాటిన్ మాట్లాడే క్లాడియా అనే గర్భిణి ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. కవల పిల్లలు పుడతారు. పురుడు పోసిన స్త్రీ ఆ తల్లిని రాయితో కొట్టి చంపి పిల్లలను తానే పెంచుకుంటుంది. జాక్ లేడు, కేట్ లేదు, సాయర్ లేడు. ఎపిసోడ్ చివర్లో మొదటి సీజన్ నుంచి తెచ్చి అతికించిన పాత దృశ్యంలో జాక్, కేట్, లాక్ కొద్ది క్షణాలు కనిపిస్తారు, అంతే. దీని తర్వాత సిరీస్‌లో మిగిలినవి ఒక ఎపిసోడూ ముగింపూ మాత్రమే. ఉన్న కాస్త సమయాన్ని ఎప్పటివో మనుషుల మీద ఖర్చు చేస్తున్నారేమిటని జనం అడగడంలో వింత లేదు.

పైగా ఆ ఎపిసోడ్ మొదట్లోనే ఒక మాట ఉంది. క్లాడియా వరసగా ప్రశ్నలు వేస్తుంటే, నేను ఇచ్చే ప్రతి జవాబూ ఇంకో ప్రశ్నకే దారి తీస్తుంది అన్న అర్థంలో ఆ స్త్రీ విసుక్కుంటుంది. కథలో అది ఆ పాత్ర స్వభావమే. కానీ ఆరేళ్లుగా జవాబుల కోసం ఎదురుచూస్తున్న ప్రేక్షకుడికి రచయితలే తెరచాటు నుంచి తనను మందలించినట్టు వినిపించింది. ఆ మాట రాసింది డామన్ లిండెలాఫ్, కార్ల్‌టన్ క్యూజ్ స్వయంగా. సిరీస్‌ను నడిపిస్తున్నదీ వాళ్లే. కాబట్టి ఆ అనుమానానికి ఊతం దొరికింది. దీవి మధ్య గుహలో బంగారు వెలుగు ఉందనీ, అన్నిటికీ మూలం అదేననీ చెప్పాక ఇంకా కొందరు పెదవి విరిచారు. ఇన్నేళ్లూ వాళ్ల ఊహలో అది వేరేగా ఉంది మరి.

నా ఉద్దేశంలో ఆ ఎపిసోడ్‌లో నిజమైన లోపం ఒకటుంది. అది చివరన అతికించిన ఆ పాత దృశ్యమే. మొదటి సీజన్‌లో గుహలో దొరికిన రెండు అస్థిపంజరాలు ఎవరివో అప్పటికే అర్థమైపోయింది. రాళ్లు రెండూ, ఒకటి తెల్లది ఒకటి నల్లది, సంచిలో పెట్టడం కళ్లారా చూశాం. అక్కడ ఆపేసి ఉంటే ప్రేక్షకుడు తానే గుర్తు చేసుకుని ఉలిక్కిపడేవాడు. పాత దృశ్యం చూపించేసరికి అతని చేతిలోని పని లాగేసుకున్నట్టయింది.

ఇప్పుడు దీని పక్కన ‘అబ్ ఎటర్నో’ను పెట్టి చూడండి. అదే సీజన్, సరిగ్గా ఏడు వారాల ముందు, మార్చి 23న వచ్చింది. దర్శకుడు కూడా ఒకరే, టకర్ గేట్స్. అదీ దాదాపు అంతా గతమే. 1867లో టెనెరిఫే దీవి, జబ్బుతో మంచాన పడ్డ ఇసబెల్లా, మందు కోసం వెళ్లి పొరపాటున వైద్యుడి చావుకు కారణమైన ఆమె భర్త రికార్డో (దీవిలో రిచర్డ్ అని పిలిచేది ఇతన్నే), తర్వాత సంకెళ్లతో ‘బ్లాక్ రాక్’ ఓడ అడుగున. ప్రధాన పాత్రలు ఇందులోనూ దాదాపు లేరు. అయినా దీన్ని ప్రేక్షకులు నెత్తిన పెట్టుకున్నారు. సీజన్ మొత్తంలో ఉత్తమమైన ఎపిసోడ్ ఇదేనన్నవాళ్లు బోలెడంతమంది.

తేడా ఎక్కడుంది? రిచర్డ్ ఎందుకు ముసలివాడు కావడం లేదన్న ప్రశ్న మూడో సీజన్ నుంచీ ప్రేక్షకుల నోళ్లలో నానుతోంది. ఎపిసోడ్ వాళ్ల ప్రశ్ననే అందుకుంది, కొత్త ప్రశ్న తెచ్చిపెట్టలేదు. రెండోది, పట్టుకోవడానికి తెలిసిన ముఖం ఒకటి ఉంది. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. కథ వర్తమానంలో మొదలై తిరిగి వర్తమానానికి వచ్చింది. మొదట్లో చావు కోరుకుంటూ అడవిలోకి పరుగెత్తిన రిచర్డ్, చివర్లో చనిపోయిన భార్య మాటలను, పోయినవాళ్లతో మాట్లాడగల హర్లీ నోట విని మరో మనిషిగా నిలబడతాడు. గతంలోకి వెళ్లివచ్చాక ఇవాళ్టి కథలో ఏదో కదిలింది. ‘అక్రాస్ ది సీ’లో అలా కదలడానికి ఇవాళ్టి మనిషే తెర మీద లేడు.

ఈ సూత్రాన్ని అందరికన్నా తెలివిగా వాడుకున్నది ‘ఫ్రింజ్’ అని నా అభిప్రాయం. అందులో మన ప్రపంచం పక్కనే మరో సమాంతర ప్రపంచం ఉంటుంది. వాల్టర్ శాస్త్రవేత్త, పీటర్ అతని కొడుకు, ఒలీవియా వాళ్లతో పనిచేసే ఎఫ్‌బీఐ అధికారిణి. 2010 ఫిబ్రవరిలో ‘జాక్సన్‌విల్’ ఎపిసోడ్ చివర ఒలీవియా కళ్లకు పీటర్ మిలమిలా మెరుస్తూ కనిపిస్తాడు. అంటే అతను ఈ ప్రపంచపు మనిషి కాదు. అతనికి చెప్పవద్దని వాల్టర్ ఆమెను వేడుకుంటాడు. అక్కడ ఆపి సుమారు రెండు నెలలు విరామం ఇచ్చారు. ఏప్రిల్ 1న ‘పీటర్’ వచ్చింది, పూర్తిగా 1985 నాటి కథ. మామూలు లెక్కన ఇది తిట్లు తినాలి. ఉత్కంఠ దగ్గర ఆపి గతంలోకి వెళ్లడమంటే అంతే కదా. కానీ రెండు నెలలుగా జనం అడుగుతున్న ప్రశ్న ‘తర్వాత ఏమైంది’ కాదు, ‘ముందు ఏమైంది’. గతమే వాళ్లకు రావలసిన బాకీ.

అందులో ఒక్క ఘట్టాన్ని దగ్గరగా చూడండి. అవతలి ప్రపంచంలోని వాల్టర్ తన ప్రయోగశాలలో జబ్బుపడ్డ కొడుక్కి మందు కోసం ప్రయత్నిస్తుంటాడు. మిశ్రమం రంగు మారితే మందు ఫలించినట్టు. సరిగ్గా ఆ క్షణంలో, చూడటానికి వచ్చిన ఒక పరిశీలకుడి అలికిడికి అతను తల తిప్పుతాడు. వెనక మిశ్రమం రంగు మారి మళ్లీ మామూలైపోతుంది. అతను చూడలేదు. మన వాల్టర్ మాత్రం ఇవతలి నుంచి, అద్దంలాంటి కిటికీలోంచి చూస్తున్నాడు. ఒక మనిషి తల తిప్పడం వల్ల రెండు ప్రపంచాలు తారుమారయ్యాయి. ఈ ఘట్టం తర్వాత వాల్టర్‌ను మునుపటిలా చూడటం ఎవరి తరమూ కాదు. పైగా ఈ కథంతా ఒలీవియాకు వాల్టర్ స్వయంగా చెబుతున్నది. వింటున్న మనిషి ఉంది, విన్నాక ఆమె ఏం చేస్తుందన్న భయం ఉంది. గతం నడుస్తున్నంతసేపూ వర్తమానం పక్కనే ఊపిరి బిగబట్టి కూర్చుంది. శీర్షిక దృశ్యాలను కూడా ఎనభైల నాటి గ్రాఫిక్స్‌తో మార్చి, అప్పట్లో వింతగా తోచే ‘పర్సనల్ కంప్యూటింగ్’ లాంటి మాటలు వేసి ముచ్చట తీర్చారు. అది చిన్న సరదానే అయినా జనం దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు.

‘ఫైర్‌ఫ్లై’లో 2002 నాటి ‘అవుట్ ఆఫ్ గ్యాస్’ మరో దారి పట్టింది. అంతరిక్ష ఓడలో ప్రాణవాయువు అయిపోతోంది, కెప్టెన్ ఒంటరిగా రక్తమోడుతూ పాకుతున్నాడు. మధ్యమధ్య ఒక్కొక్కరూ ఆ ఓడలోకి ఎలా చేరారో చూపిస్తారు. మూడు కాలాలు, ఒక్కోదానికి ఒక్కో రంగు ఛాయ. గడియారం ఆగదు కాబట్టి గతం అడ్డు అనిపించదు. ఫ్లాష్‌బ్యాక్ అంటేనే మొహం తిప్పుకునే మిత్రులకు నేను మొదట చూపించేది ఇదే.

మరి ప్రేక్షకులు ఫ్లాష్‌బ్యాక్ అనగానే అంత అనుమానంగా ఎందుకు చూస్తారు? దానికి చరిత్ర ఉంది. టీవీ వాళ్లకు డబ్బు, సమయం కరవైనప్పుడల్లా గతమే దిక్కు. 1989లో ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ రెండో సీజన్ ముగింపు ‘షేడ్స్ ఆఫ్ గ్రే’ ఇందుకు తిరుగులేని ఉదాహరణ. రైకర్‌కు ముల్లు గుచ్చుకుని స్పృహ తప్పుతుంది. అతని జ్ఞాపకాల పేరుతో పాత ఎపిసోడ్ల ముక్కలు వరసగా వేసేస్తారు. బడ్జెట్ అయిపోయి తీసిన ముక్కల కూర్పు అది. ఆ సిరీస్‌లో అధమాధమం ఏదని అడిగితే నేటికీ అభిమానులు ముందు దాని పేరే చెబుతారు. నిజానికి ముక్కల కూర్పు వేరు, ఫ్లాష్‌బ్యాక్ ఎపిసోడ్ వేరు. కానీ ఒకసారి చేయి కాలినవాళ్లకు ఆ తేడా చెప్పి ఒప్పించడం కష్టం.

తమాషా ఏమిటంటే అదే అవసరం నుంచి పుట్టిన మంచి ఎపిసోడ్ కూడా ఆ కుటుంబంలోనే ఉంది. 1966లో మొదటి ‘స్టార్ ట్రెక్’ సిరీస్ చిత్రీకరణ ప్రసార గడువులను అందుకోలేకపోతోంది. టీవీ సంస్థ తిరస్కరించిన తొలి నమూనా ఎపిసోడ్ ‘ది కేజ్’ చేతిలో ఉంది. దాన్ని గతంగా మార్చి, చుట్టూ స్పాక్ మీద విచారణ అనే కొత్త కథ కట్టి, ‘ది మెనాజరీ’ పేరుతో నవంబరులో రెండు భాగాలుగా ప్రసారం చేశారు. 1967లో దానికి హ్యూగో పురస్కారం వచ్చింది. ఇదీ అతుకుల పనే. అయితే ప్రేక్షకులు ఆ పాత దృశ్యాలను అంతకుముందు చూడలేదు. స్పాక్ ఎందుకు తిరగబడ్డాడన్న ప్రశ్నకు జవాబు ఆ పాత దృశ్యాల్లోనే ఉంది. అవసరానికి పుట్టిందా, కళ కోసం పుట్టిందా అని ప్రేక్షకుడు లెక్క చూడడు. తనకు ఏం దక్కిందో అదే చూస్తాడు.

ప్రేక్షకుల కోపానికి ఫలితం ఉండదనుకోవద్దు. మీరు చూసిన సిరీస్‌లోనే 2007 ఫిబ్రవరిలో ‘స్ట్రేంజర్ ఇన్ ఎ స్ట్రేంజ్ ల్యాండ్’ వచ్చింది. జాక్ ఒంటి మీది పచ్చబొట్లు ఎలా వచ్చాయో చెప్పే ఫ్లాష్‌బ్యాక్. ఆ ప్రశ్న అడిగినవాళ్లే దాదాపు లేరు. అడగని ప్రశ్నకు నలభై నిమిషాల జవాబు! ముగింపు తేదీ లేకుండా సాగదీస్తే ఇలాంటివే వస్తాయని నిర్మాతలు ఛానల్‌తో వాదించడానికి ఈ ఎపిసోడ్‌నే ఉదాహరణగా చూపించారు. ఆ మే నెలలోనే, సిరీస్ 2010లో ముగుస్తుందని ప్రకటన వెలువడింది. అదే నెలలో వచ్చిన సీజన్ ముగింపులో ఫ్లాష్‌బ్యాక్ అనుకున్నది భవిష్యత్తు అని తేలడం మీకు గుర్తుండే ఉంటుంది. అలవాటైన పద్ధతితో విసిగిన జనాన్ని ఆ అలవాటుతోనే బోల్తా కొట్టించారు.

ఇంకో రకం కోపం ఉంది. పాత కథతో పొసగలేదన్న కోపం. 1996లో ‘స్టార్ ట్రెక్: వాయేజర్’లో వచ్చిన ఎపిసోడ్ పేరే ‘ఫ్లాష్‌బ్యాక్’. టూవోక్ అనే అధికారి పూర్వం కెప్టెన్ సులూ దగ్గర పనిచేసిన రోజులు చూపిస్తారు. అందులో వాల్టేన్ అనే అధికారి చనిపోతాడు. 1991 నాటి ‘స్టార్ ట్రెక్’ సినిమాలో, అదే సంఘటనల చివర, ఆ వాల్టేన్ ఓడలో నిక్షేపంగా నిలబడి ఉంటాడు. అభిమానులు పట్టేసుకున్నారు. ఇలాంటిదానికి కోపం కన్నా కాలక్షేపం ఎక్కువ. అసలు గాయం తగిలేది పాత్ర ఎవరన్నదే మారిపోయినప్పుడు. 2020 మార్చి 1న ‘డాక్టర్ హూ’లో ‘ది టైమ్‌లెస్ చిల్డ్రన్’ వచ్చాక, కథానాయకురాలు డాక్టర్ మూలమే వేరన్న సంగతి మీద అభిమానులు రెండుగా చీలిపోయారు. దాని గతం నాకు అభ్యంతరం కాదు. చెప్పిన తీరు అభ్యంతరం. డాక్టర్‌ను ఒకచోట బంధించి నిలబెట్టి, ఆమె శత్రువు మాస్టర్ ఆ గతాన్నంతా పాఠంలా వినిపిస్తాడు. వినడం తప్ప ఆమెకు చాలాసేపు పని లేదు. అంత పెద్ద మార్పును ప్రేక్షకుడు మింగాలంటే, కనీసం దాన్ని కనిపెట్టే అవకాశం పాత్రకైనా ఇవ్వాలి.

ఈమధ్యవి కూడా రెండు చెబుతాను, ఎందుకంటే వారానికో ఎపిసోడ్ పద్ధతి మళ్లీ వచ్చాక ఈ గొడవలూ మళ్లీ వచ్చాయి. 2025 ఫిబ్రవరి 28న ‘సెవరెన్స్’ రెండో సీజన్ ఏడో ఎపిసోడ్ ‘ఛికాయ్ బార్డో’ వచ్చింది. ఛాయాగ్రాహకురాలు జెస్సికా లీ గాన్యే దర్శకత్వం వహించిన తొలి ఎపిసోడ్ ఇదే. కథానాయకుడు మార్క్, చనిపోయిందనుకున్న అతని భార్య జెమ్మాల పరిచయం, ప్రేమ, కాపురం, పిల్లల కోసం ఆరాటం. ముందు వారం మార్క్ కుప్పకూలిన దగ్గర ఆగిన కథ ఇది, అయినా జనం నిట్టూర్చలేదు. కారణం, గతంతో పాటే జెమ్మా ఇప్పుడు ఎక్కడుందో, గది గదికీ మారుతూ ఏం అనుభవిస్తోందో కూడా చూపించారు. ఒక గదిలో ఎప్పటికీ పంటి వైద్యం, మరో గదిలో ఎప్పటికీ కుదుపులతో ఊగే విమానం, ఇంకోదాంట్లో చెయ్యి పడిపోయేదాకా కృతజ్ఞతా లేఖలు రాయడం. సంతోషంగా ఉన్న ఆ పాత రోజులు ఈ గదుల పక్కన పడేసరికి ఒక్కసారిగా బరువెక్కాయి. మరుసటి వారం ‘స్వీట్ విట్రియల్’ మొత్తం మార్క్ పాత పై అధికారిణి కోబెల్ చుట్టూ తిరిగింది. అది ఫ్లాష్‌బ్యాక్ కాదు, ఆమె గతాన్ని తవ్వే వర్తమానం. దాని మీద మాత్రం అభిప్రాయాలు చీలాయి. ఎపిసోడ్‌గా అది అంత తీసికట్టు కాదు. రెండో వారం కూడా ప్రధాన కథకు దూరంగా ఉంచడమే దాని నేరం.

రెండోది ‘ది లాస్ట్ ఆఫ్ అస్’. రెండో సీజన్ రెండో ఎపిసోడ్‌లో ప్రధాన పాత్ర జోయల్‌ను చంపేశారు. 2025 మే 18న వచ్చిన ఆరో ఎపిసోడ్ అతనితో గడిచిన పుట్టినరోజులన్నిటినీ తిరిగి తెచ్చింది. సిరీస్‌కు మూలమైన వీడియో గేమ్‌ను ఆడనివాళ్లకు పోయిన మనిషి ఒక గంటపాటు తిరిగొచ్చినట్టయింది, చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఆట ఆడినవాళ్ల గొడవ వేరు. 2020 నాటి ఆ ఆటలో ఈ జ్ఞాపకాలు కథంతా చెదురుమదురుగా వస్తాయి, వరండాలో జరిగే సంభాషణ చివరాఖరున వస్తుంది. దాన్ని ఇంత ముందుగా వాడేశారేమిటన్నది వాళ్ల అభ్యంతరం. ఒకే దృశ్యాన్ని ఒకరు బహుమతిలా, మరొకరు దోపిడీలా చూశారు. అందుకే ‘ప్రేక్షకుల స్పందన’ అని ఏకవచనంలో ఎవరైనా రాస్తే నేను పెద్దగా నమ్మను. ఏ ప్రేక్షకులు, ఏ రోజు, దేని కోసం ఎదురుచూస్తూ అన్నది చెప్పాలి.

ఇక మీ విషయానికి వస్తే, ‘అక్రాస్ ది సీ’ని మీరు హాయిగా చూడగలగడంలో మీకు దొరికిన వెసులుబాటు పాత్ర ఉంది. సన్, జిన్‌ల దుఃఖాన్ని వారమంతా మోయలేదు. కానీ అందువల్ల మీ అభిప్రాయం విలువ తగ్గదు, వాళ్ల కోపం అబద్ధమూ కాదు. ప్రసారపు రాత్రి తీర్పులో ఆకలి ఎక్కువ ఉంటుంది. తీరిగ్గా చూసినవారి తీర్పులో ఆ ఆకలి జ్ఞాపకమే ఉండదు. నేనైతే రెండూ చదివి ఎపిసోడ్ విలువ కట్టుకుంటాను, మొదటిదాన్ని కాస్త తగ్గించి.

అసలు ఆ ఎపిసోడ్ మీకు పనిచేసిందో లేదో తేల్చుకోవాలంటే ఒక మార్గం ఉంది. మిగిలినవి చూసేముందు ఐదో సీజన్ ముగింపు ‘ది ఇన్సిడెంట్’ మొదటి కొద్ది నిమిషాలు మళ్లీ వేసుకోండి. ‘అక్రాస్ ది సీ’లోని కవలల్లో ఒకడైన జేకబ్ మగ్గం మీద నేస్తాడు, చేప పట్టి కాల్చుకుంటాడు, అతని కవల సోదరుడైన నల్ల దుస్తుల మనిషి వచ్చి పక్కన కూర్చుంటాడు. దూరంగా ఓడ వస్తుంటుంది. మనుషులు వస్తారు, కొట్టుకుంటారు, నాశనం చేస్తారు, చెడగొడతారు, ఎప్పుడూ ఇలాగే ముగుస్తుంది అంటాడతను. 2009లో అది విన్నప్పుడు ఒక దుర్మార్గుడి తత్వంలా తోచింది. ఇప్పుడు మీకు తెలుసు, ఆ మాటలు పెంచిన తల్లివి. ఆ నేత కూడా ఆమె మగ్గం దగ్గర చూసి నేర్చుకున్నదే. ఆ దృశ్యం మీకు మొదటిసారి కన్నా వేరుగా కనిపిస్తే ఎపిసోడ్ తన పని చేసినట్టే. కనిపించకపోతే 2010 నాటి ప్రేక్షకుల పక్షాన నిలబడండి, అక్కడ మీకు తోడు చాలామందే ఉన్నారు.